ముండ్లు లేని కాక్టసులు: తెలుగునాటి వానలు, ట్రుగనీనా చలి

ముండ్లు లేని కాక్టసును వేడియు వానయు మెండుగా గల దేశమందు పెంచుట సాధ్యమా, సాధ్యమైనచో ఏ జాతిని ఏ విధమున పెంచవలెను అను ప్రశ్న మన తోటపనివారి నడుమ చాలకాలముగా నలుగుచున్నది. "ఎడారి మొక్కకు నీరేల?" అని కుండీని నెలలతరబడి ఎండబెట్టువారు కొందఱు, "జెముడైనను మొక్కయే గదా" యని అనుదినము చెంబెడు నీరు పోయువారు మఱికొందఱు. ఇరువురకును ఒక్కొక్కప్పుడు మొక్క బ్రతుకును, ఒక్కొక్కప్పుడు కుళ్ళును. కావున ఇరువురును తమతమ పక్షములకు సాక్ష్యము చూపగలరు. ఇటీవల ఈ వివాదమునకు క్రొత్త రంగస్థల మొకటి దొరకినది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరమునకు పడమట నున్న ట్రుగనీనా, దాని పొరుగున నున్న టార్నీట్ మొదలగు పేటలలో తెలుగు కుటుంబములు విశేషముగా స్థిరపడిన పిమ్మట, పెరటిలో కరివేపాకు, మల్లెలతోపాటు బ్రహ్మకమలమును, దాని బంధువులను పెంచగోరువారు అచ్చటను బయలుదేరిరి. హైదరాబాదు మేడమీద నేర్చిన పద్ధతి అచ్చట చెల్లదు; అచ్చటి పుస్తకములలోని పద్ధతి విజయవాడలో చెల్లదు. ఈ ప్రశ్ననంతటిని ఒకమారు కలయజూచి, అందు నిలుచు మాట ఏదో నిలువని మాట ఏదో తేల్చుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా ముల్లు సంగతి. కాక్టసుల కుటుంబమున 1,500కు అటునిటుగా జాతులు గలవని వృక్షశాస్త్రజ్ఞుల లెక్క. ఇవి దాదాపు అన్నియు అమెరికా ఖండములకు చెందినవి. ఆఫ్రికాలోను శ్రీలంకలోను సహజముగా పెరుగు రిప్సాలిస్ జాతి యొక్కటియే దీనికి ప్రసిద్ధమైన అపవాదము. వీని కాండముమీద నూగుతో కూడిన చిన్న కణుపులుండును. వానికి ఏరియోలులని పేరు. ముల్లైనను పూవైనను కొమ్మయైనను అచ్చటినుండియే పుట్టును. ముల్లు లేకున్నను ఏరియోలున్నచో అది కాక్టసు. ఏరియోలు లేక, గిల్లినంతనే పాలు కారునది యూఫోర్బియా తెగకు చెందిన జెముడు. మన చేనిగట్లమీది బొంతజెముడును కాడజెముడును ఈ రెండవ కోవలోనివే. కాడజెముడునకు ముండ్లు లేవు గనుక దానిని ముండ్లు లేని కాక్టసుగా అమ్మువారును కొనువారును గలరు. దాని పాలు కంటబడినచో తీవ్రమైన బాధ కలిగించును గనుక పిల్లలు గల యింటివారైనను ఈ భేదమును గుర్తించుట మేలు.

కాక్టసునకు ముల్లు ఆయుధము మాత్రమే కాదు. దట్టముగ నల్లుకొన్న ముండ్లు మండుటెండను చెదరగొట్టి కాండమునకు నీడనిచ్చును. పొడిగాలిని కాండమునకు తగులనీక నీటి వ్యయమును తగ్గించును. కొన్ని జాతులలో పొగమంచును ఒడిసిపట్టి బొట్లుబొట్లుగా వేళ్ళ చెంతకు జార్చును. ఇంత పని చేయు అవయవమును ఒక మొక్క విడిచిపెట్టినదన్నచో దానికి తగిన కారణ ముండి తీరవలెను. అట్టి కారణములు మూడు గలవు. మొదటిది అరణ్యవాసము. మధ్య అమెరికా, బ్రెజిలు దేశముల తడి యడవులలో చెట్లకొమ్మలను ఆశ్రయించి బ్రతుకు ఎపిఫిల్లమ్, రిప్సాలిస్, ష్లుంబర్గెరా మున్నగు వానికి నీడ పైకొమ్మలే యిచ్చును, పశువుల భయమా లేదు. కావున ముల్లు వానికి అనవసరమై క్రమముగా సన్నగిలినది. రెండవది ప్రచ్ఛన్నవాసము. మెక్సికో పొడినేలలందలి ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్ వంటివి సగము మేను మట్టిలో దాచుకొని, పైభాగమున తెల్లని చుక్కలు ధరించి, చుట్టుప్రక్కల రాళ్ళలో కలిసిపోయి తమ్ము కాపాడుకొనును. మూడవది మానవుని యెంపిక. నాగజెముడు వర్గపు ఒపన్షియాలలో ముల్లు తక్కువైన వానినే తరతరములుగా ఏరి నాటగా నునుపైన రకములు ఏర్పడినవి.

ఈ మూడు తెగలకును ముల్లు లేకుండుట తప్ప సామాన్యధర్మము దాదాపు లేదు. ఒకటి వానను కోరును, రెండవది వానకు వెఱచును, మూడవది వానను, పొడిని రెంటిని సహించును. కావున "ముండ్లు లేని కాక్టసునకు నీరెంత?" అను ప్రశ్నయే అసంపూర్ణము. మొక్క ఏ నేలలో పుట్టినదో, ఏ ఋతువున అచ్చట వాన కురియునో యెఱిగినగాని సమాధానము చెప్పుటకు వీలులేదు. వాదించుకొను రెండు పక్షములును వేఱువేఱు తెగల మొక్కలను ఒకే పేరున పిలుచుటవలననే ఈ కలహ మింతకాలము తెగకున్నది.

ఇక మన ఉష్ణదేశపు వానకాలమును చూతము. కాక్టసు సామాన్యమైన మొక్కలవలె పగటిపూట గాలి పీల్చదు; నీటిని కాపాడుకొనుటకై రాత్రివేళ చల్లబడిన పిదప పత్రరంధ్రములను తెఱచి బొగ్గుపులుసు వాయువును గ్రహించి, ఆమ్లరూపమున దాచి, మఱునాటి వెలుతురులో ఆహారముగా మార్చుకొనును. రాత్రి చల్లబడుటయే దీనికి ఆధారము. మే, జూన్ మాసములందు విజయవాడ రాత్రులు 28 డిగ్రీలకు దిగని దినములు అనేకము. అట్టి వేళ ఎడారి కాక్టసు నోరు తెఱువజాలక, పెరుగుట మాని, ఊరక నిద్రించుచుండును. సరిగా ఆ నిద్రాసమయమందే నైఋతి ఋతుపవనములు దిగును. వేరు నీటిని పీల్చదు, మట్టి ఆఱదు, వెచ్చని తడిమట్టిలో పైథియమ్, ఫ్యుజేరియమ్ మొదలగు కుళ్ళుకారక సూక్ష్మజీవులు విజృంభించును. పైకి పచ్చగా కనబడుచునే మొక్క అడుగుననుండి మెత్తబడి, ముట్టుకొన్న మఱుక్షణమే ఒరిగిపోవును. మన నాట కాక్టసును చంపునది ఎండయు కాదు, వానయు కాదు; ఆ రెండును ఒకే కాలమున కూడుట. ఈ సంగతి గ్రహించిన పెంపకందారులు జూన్ రాకమునుపే కుండీలను పారదర్శకమైన పాలిథీన్ కప్పు క్రిందికి మార్చి, నాలుగు ప్రక్కల గాలి వీచునట్లు వదలి, నేలకు ఇటుకలెత్తున నిలుపుదురు. కోస్తా జిల్లాలవారు ఈ కప్పును సెప్టెంబరుతో తీసివేయరాదు. నెల్లూరు వంటి చోట్ల అధికవర్షము ఈశాన్య ఋతుపవనముతో అక్టోబరు, నవంబరులలోనే కురియును.

అయితే ఈ కష్టమంతయు రెండవ తెగకే. మొదటి తెగవారైన అరణ్యకాక్టసులలో ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్, అనగా మన ఇండ్లలో బ్రహ్మకమలమను పేర పూజలందుకొనునది, తెలుగునాటి వానకాలమునకే పుట్టినదా యనునట్లు పెరుగును. హిమాలయములందలి అసలు బ్రహ్మకమలము సాసూరియా యను వేఱు మొక్క. అది ఈ వేడిలో ఒక్క దినమైనను నిలువదు. మన పెరటి మొక్క మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతముల యడవులనుండి వచ్చినది. ఆకులవలె కనబడు దాని పలుచని పట్టెలు నిజమునకు కాండములే. వాని అంచుల గంటులలో నుండి మొగ్గలు వ్రేలాడును. తొలకరినుండి శరత్తువరకు ఒక్కొక్క విడతగా జానెడు పొడవు గల తెల్లని పూవులు రాత్రి తొమ్మిది గంటల ప్రాంతమున విప్పారి, గుబాళించి, తెల్లవారుసరికి వాడిపోవును. పూచిన రాత్రి ఇరుగుపొరుగులను పిలిచి హారతి యిచ్చు ఆచారమును, ఒకే మొక్కకు పదులకొలది పూవులు పూచెనని పత్రికలు బొమ్మలతో ప్రకటించుటయు మనకు పరిచితమే. దీనికి మూడే నియమములు: మండుటెండ తగులని, వెలుతురు చాలిన చోటు, కొబ్బరిపీచు ముక్కలు, ఆకుమట్టి, బొగ్గు కలిసిన తేలికమట్టి, వేసవిలో వారమునకు రెండు మూడు మారులు తడి. ఎఱువు మోతాదు మించినచో పట్టెలు పెరుగునే గాని మొగ్గ తొడుగదు. కొనను ఖండించిన జానెడు పట్టెను వారము దినములు నీడన ఆఱనిచ్చి గ్రుచ్చినచో వేరుపట్టును. కావుననే ఒక్క మొక్క వీధివీధికి పంచబడినది. వేడి వాన దేశమున ముండ్లు లేని అలంకార కాక్టసు సాధ్యమా యను ప్రశ్నకు మన గృహిణులు తర్కమును కాంక్షింపక చేతితోనే ఉత్తరము చెప్పియున్నారు.

రెండవ తెగలోని ఆస్ట్రోఫైటముల కథ వేఱు. ఆస్టీరియాస్ జాతి మెక్సికోలోని టమౌలిపాస్ ప్రాంతమునను, టెక్సాస్ దక్షిణకొనను సహజముగా మిగిలియున్నది. అడవినుండి పెఱికి అమ్ముటచే క్షీణించి, అంతర్జాతీయ వాణిజ్యమును నియంత్రించు సైటిస్ ఒప్పందముయొక్క మొదటి పట్టికలో చేరినది. ఇంతటి సుకుమారమును వానదేశమున నిలుపుటకు ఆసియా పెంపకందారులు కనిపెట్టిన ఉపాయము అంటు. మూడంచుల డ్రాగన్ ఫ్రూట్ కాండమును ఖండించి, దానిమీద ఆస్ట్రోఫైటమ్ మొలకను అమర్చినచో, వేరు వానదేశపుది, శిరస్సు ఎడారిది యగును. బ్యాంకాకు పరిసరములు మనకన్న తడివి. అయినను థాయిలాండు నేడు ఆస్ట్రోఫైటమ్, జిమ్నోకాలిసియమ్ రకముల ఉత్పత్తికి ప్రసిద్ధి కెక్కినది. ఈ విజయమునకు మూలము వాన తగులని కప్పును, వేరు కుళ్ళని అంటును, విత్తనముల నుండి ఆ వాతావరణమునకు అలవడిన మొలకలను ఏరుకొనుటయు. ఉత్తర భారతమున 1987లో పంచకులయందు వెలసిన జాతీయ కాక్టసు ఉద్యానమును, కాలింపాంగు నర్సరీలును ఇదే సూత్రమును వేఱు వాతావరణములందు నిరూపించినవి. కడియము నర్సరీలలో కొను అంటుమొక్కకు ఒక లోపము గలదు: అది వేగముగా పెరిగి, అల్పాయువు కావచ్చును. దీర్ఘకాలము నిలుపదలచినవారు ముతక ఇసుక, ఇటుక రవ్వ రెండు పాళ్ళు, ఆకుమట్టి ఒక పాలు కలిపి, మట్టికుండీలో స్వంతవేళ్ళ మొక్కను ఓపికతో పెంచవలెను. ముండ్ల నీడ లేనందున ఈ నున్నని మేనికి ఏప్రిల్, మే ఎండ తగిలి గోధుమరంగు మచ్చలు పడును. ఆ మచ్చలు మఱల మానవు గనుక సగము వెలుతురును ఆపు నీడవల తప్పదు.

ఇప్పుడు ట్రుగనీనాకు పోవుదము. టాస్మేనియా ఆదివాసి స్త్రీ ట్రుగనీని పేర వెలసినదని ప్రసిద్ధి గల ఈ పేట, అగ్నిపర్వత శిలలు పరచుకొన్న పడమటి మైదానము మీద నున్నది. ఆ నల్లరాతినుండి యేర్పడిన బరువైన బంకమట్టి తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు నెఱ్ఱెలు విచ్చును. దక్కను నల్లరేగడి యెఱిగిన తెలుగు రైతుబిడ్డకు అది క్రొత్త మట్టి కాదు. వాన లెక్క మఱింత విచిత్రము. అనంతపురమున సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు కురియును. ట్రుగనీనాకు చేరువనున్న లావర్టన్ కేంద్రపు సగటును 540 ప్రాంతమే. కొలత యొకటే, ఫలితము మాత్రము ఉత్తరదక్షిణములు. అనంతపురపు వాన అధికభాగము జూన్ నుండి అక్టోబరు వరకు కుండపోతలుగా కురిసి, మఱునాటి ఎండకు ఆఱిపోవును. ట్రుగనీనా వాన పన్నెండు నెలలకును చిన్నచిన్న జల్లులుగా పంచబడియుండును. జూన్ నుండి ఆగస్టు వరకు పగలు 14 డిగ్రీలు, రాత్రి 5, 6 డిగ్రీలు ఉండుటచే పడిన ప్రతిబొట్టును రోజులతరబడి మట్టిలోనే నిలుచును. మనయొద్ద వేడితడి కుళ్ళించును; అచ్చట చలితడి కుళ్ళించును. వేసవిలోనో, మధ్యదేశపు ఎడారులమీదుగా వచ్చు ఉత్తరపుగాలి ఒక్క పూటలో మొక్కను మాడ్చివేయగలదు. 2009 ఫిబ్రవరి 7న మెల్‌బోర్న్ నగరమున 46.4 డిగ్రీలు నమోదయ్యెను.

దీనినిబట్టి విధానము తలక్రిందగును. తెలుగునాట జూన్ నెలలో కప్పు క్రిందికి చేర్చుట వేడివాన భయమున. ట్రుగనీనాలో మే నెలలో చూరు క్రిందికి చేర్చుట చలివాన భయమున. దక్షిణార్ధగోళమున సూర్యుడు ఉత్తరపు వైపున నడచును గనుక చలికాలమున ఉత్తరముఖమైన గోడ చెంతనే వెచ్చదనము దొరకును. మన యలవాటు చొప్పున దక్షిణపు వసారా వెదకినవాని మొక్క మూడు నెలలు నీడలో వణకును. కుండీ మార్చుట, కొమ్మ నాటుట సెప్టెంబరు, అక్టోబరులలో చేయవలెను. ఆస్ట్రోఫైటమ్ వంటి వానికి చలికాలమున నీరు దాదాపు పూర్తిగా ఆపివేయుటయే రక్ష. పొడిగా నున్న మొక్క ఓర్చుకొను చలిని తడిసిన మొక్క ఓర్చుకొనదు. పెరటి బంకమట్టిలో నేరుగా నాటుట ఆత్మహత్యాసదృశము; స్కోరియా యనబడు అగ్నిపర్వతపు గులకరాతితో ఎత్తైన మడి కట్టి నాటుట యుక్తము. డ్రాగన్ ఫ్రూట్ మీది అంటు, మనకు వరమైనది, అచ్చట శాపమగును. చలికి శిరస్సు కన్న ముందు ఆ వేరుకాండమే పసుపువాఱి చచ్చును. బ్రహ్మకమలము చలికి వెఱచినను చావదు. మంచు తగులని చూరు క్రింద శీతకాలము గడిపి, జనవరి మొదలు వేసవి తుదివరకు పూయును. చలికాలపు తడిలో నత్తలును, వేసవిపొడిలో పిండినల్లియు దానికి శత్రువులు. ఎడారి కాక్టసులు విక్టోరియాలో బయట నిలువవను మాట మాత్రము నిజము కాదు: మెల్‌బోర్న్ రాజోద్యానమున 2022లో తెఱచిన శుష్కవనము నీరు జారు ఎత్తుగడ్డలమీద వానిని బహిరంగమునే పెంచుచున్నది.

అరణ్యకాక్టసులలో ఒకదాని విషయమున ట్రుగనీనాయే తెలుగునాటిని మించినది. ఆస్ట్రేలియావారు జైగోకాక్టస్ అనెడి ష్లుంబర్గెరా బ్రెజిలులో రియో సమీపపు కొండయడవులది. రాత్రులు దీర్ఘమై చల్లనైనప్పుడే దానికి మొగ్గ తొడుగు బుద్ధి పుట్టును. ట్రుగనీనాలో మే మాసమునకే రాత్రి పదునాలుగు గంటలకు చేరును గనుక, చూరు క్రింద వ్రేలాడదీసిన బుట్టలో చలికాల మారంభమగునప్పటికే గులాబి, ఎఱుపు పూవులు విరియును. హైదరాబాదులో డిసెంబరు చలి కొంతవరకు దీనికి చాలును. కోస్తాలో రాత్రి వెచ్చదనము మొగ్గను మ్రింగివేయును. మొగ్గ తొడిగిన బుట్టను ఒకచోటి నుండి మఱియొక చోటికి మార్చినను, రాత్రి దానిపై వీధిదీపము పడినను మొగ్గలు రాలుట కలదు.

మూడవ తెగయైన ఒపన్షియాలతో ప్రశ్న తోటను దాటి చరిత్రలోనికిని శాసనములోనికిని పోవును. ముల్లు లేని నాగజెముడును 1907లో లోకమునకు ప్రకటించినవాడు కాలిఫోర్నియాలోని సాంటా రోసాకు చెందిన లూథర్ బర్బాంక్. ఎడారులను పచ్చికబయళ్ళుగా మార్చునని అతడు చేసిన వాగ్దానములు అతిశయోక్తులే యయ్యెను; విత్తునుండి పుట్టిన సంతతి మఱల ముండ్లు తొడుగుటయు కలదు గనుక పట్టెనుండి నాటినగాని నునుపు నిలువదు. ఆ కాలముననే ఆస్ట్రేలియా ముండ్ల నాగజెముడుతో తలపడుచుండెను. 1788లో బ్రిటిషు వలసవారి తొలినౌకలు, కొచ్చినీల్ పురుగునుండి తీయు రంగు కొఱకు, ఆ పురుగు బ్రతుకు ఒపన్షియాను రియోనుండి తెచ్చెను. అనంతరము ప్రవేశించిన మఱియొక జాతి 1920 ప్రాంతములనాటికి క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములలో సుమారు 2.4 కోట్ల హెక్టార్లను కప్పివేసెను. 1925లో ఆర్జెంటీనానుండి తెచ్చిన కాక్టోబ్లాస్టిస్ చిమ్మెట గొంగళి దానిని తొలచి తుదముట్టించెను. కృతజ్ఞతగా బూనార్గా గ్రామస్థులు 1936లో నిర్మించిన సభాభవనమునకు ఆ పురుగు పేరే పెట్టిరి. ఈ విద్య మనకు కొత్తది కాదు. 1795లో రంగుపురుగను భ్రమతో బెంగాలునకు తెచ్చిన కీటకము నాగజెముడును నాశనము చేయుట చూచి, 1836 ప్రాంతమున దానిని దక్షిణ భారతమునకు ఉద్దేశపూర్వకముగా తెచ్చిరి. 1926లో శ్రీలంకనుండి మఱియొక పురుగు వచ్చి మద్రాసు రాజధానిలోని మఱియొక నాగజెముడును అణచెను.

ఈ చరిత్రవలననే ఆస్ట్రేలియా ప్రభుత్వము 2012లో ఒపన్షియా జాతులన్నిటిని, తినదగిన పండునిచ్చు ఫైకస్ ఇండికాను మాత్రము మినహాయించి, జాతీయప్రాముఖ్యము గల కలుపుమొక్కలుగా ప్రకటించెను. హైదరాబాదు నర్సరీలలో బన్నీ ఇయర్స్ అను ముద్దుపేరున అమ్ముడుపోవు ఒపన్షియా మైక్రోడేసిస్ ఈ ప్రకటనలోనిదే. అది ముండ్లు లేనిదని చెప్పుట సగము సత్యము. దాని చుక్కలలో చేతికి తగిలినంతనే విఱిగి చర్మములో దిగబడు సన్నని నూగుముండ్లు వేలకొలది యుండును. విక్టోరియాలో మాల్డన్ పరిసరముల కొండలను ఒపన్షియా రోబస్టా ఆక్రమింపగా స్థానికులు సంఘముగా ఏర్పడి నిర్మూలించుచున్నారు. ట్రుగనీనాకు ఈ హెచ్చరిక మఱింత దగ్గఱిది: అచ్చటి పాత శ్మశానవాటికలో, పూర్వము మైదానమంతట పరచుకొనిన పచ్చికబీటి శేషము మిగిలి, రుటిడోసిస్ వంటి అరుదైన పసుపుపూవుల మొక్కలకు ఆశ్రయమిచ్చుచున్నది. కత్తిరించి పెరటి వెలుపల పాఱవైచిన ఒక్క ఒపన్షియా పట్టె నేలబడిన చోటనే వేరుపట్టగలదు.

తెలుగునాటినుండి కొమ్మముక్కను సామానులో దాచి తెచ్చుకొను ప్రలోభము కొందఱికి కలుగుట సహజము. అమ్మ యింటి బ్రహ్మకమలమనగా మొక్క మాత్రమే కాదు గదా. అయినను ఆస్ట్రేలియా జీవభద్రతా శాసనము ప్రకారము సజీవమైన మొక్కకు అనుమతిపత్రమును, మెల్‌బోర్న్ ఉత్తరాన మికల్‌హామ్ నందలి ప్రభుత్వ క్వారంటైన్ కేంద్రమున నివాసమును వలయును; విమానాశ్రయమున తెలుపక దాచుట శిక్షార్హము. దానికితోడు కాక్టసు కుటుంబము దాదాపు అంతయు సైటిస్ పట్టికలలోనే యున్నది. ఎపిఫిల్లమ్, ష్లుంబర్గెరా, రిప్సాలిస్ మూడును విక్టోరియా నర్సరీలలో న్యాయముగా దొరకుచుండగా ఈ సాహసము నిరర్థకము.

ఇంతవరకు చూచిన సాక్ష్యమునుబట్టి తీర్పు చెప్పవలసినచో ఇట్లు చెప్పవచ్చును. వేడి వాన దేశమున ముండ్లు లేని అలంకార కాక్టసు పెంపకము సాధ్యమే కాదు, సులభము; అయితే అది అరణ్యజాతులకు మాత్రమే. ఎడారిజాతులు కప్పును, అంటును, ఓపికను కోరును. అవి లేనివారు వానిని కొనక, చూచి సంతోషించుట మంచిది. ఫైకస్ ఇండికా తప్ప తక్కిన ఒపన్షియాలు తెలుగునాట అలంకారములు, ట్రుగనీనాలో కలుపుమొక్కలు. కావున పాఠకులకు మనవి యేమనగా, నర్సరీలో మొక్క చేతికి తీసికొన్నప్పుడు ముండ్లున్నవా లేవా యని తడిమి చూచుటతో తృప్తిపడక, దాని శాస్త్రనామమును, పుట్టినచోటును అడుగుడు. పేరు చెప్పలేని యంగడిలో మొక్కను కొనకుడు.